అడ్డం కోసిన రేకులు

అక్టోబరు పదకొండు, బుధవారం. ఆ ఉదయం మేము ఉడకబెట్టిన గుడ్లు, ముందురోజు మిగిలిన బ్రెడ్డు తిని, పాలు లేని టీ తాగాం. పాలు పొయ్యి మీద పెట్టి కిటికీ దగ్గర కూర్చున్న అత్తయ్యగారు, కత్తెర పదును చూసుకుంటూ వాటి సంగతి మరిచిపోయారు. నేను స్నానం చేసి వచ్చేసరికి వంటగది నిండా పొగ. ఆవిడ పొయ్యి కట్టేసి, నల్లబడ్డ గిన్నెను పంపు కింద పెట్టి, నా వైపు చూడకుండానే అన్నారు.

"ఇవాళ టీ ఇలాగే తాగుదాం బాబూ. ఒంటికి మంచిదట."

ఎవరు చెప్పారని నేను అడగలేదు. ఆ నెలలో అది రెండో గిన్నె.

నా భార్య పోయి మూడేళ్లయింది. ఆమె మంచాన పడ్డప్పుడు చూసుకోవడానికి ఒక సంచీతో వచ్చిన తల్లి, అంతా అయిపోయాక కూడా ఉండిపోయారు. ఉండమని నేను అనలేదు, వెళ్తానని ఆవిడా అనలేదు. కూతురు లేని ఇంట్లో అల్లుడి దగ్గర అత్తగారు ఉండిపోవడం చూసేవాళ్లకు వింతే. మొదట్లో మాకూ వింతగానే ఉండేది. ఇరుకు నడవాలో ఎదురుపడితే ఇద్దరం ఒకేవైపు తప్పుకుని, మళ్లీ ఇద్దరం రెండోవైపు తప్పుకుని, చివరికి ఎవరో ఒకరు వెనక్కి వెళ్లిపోయేవాళ్లం. తర్వాత ఆవిడ తన పాత కాగితం పూల పని మళ్లీ మొదలుపెట్టారు. మాట్లాడుకోవడానికి ఏమీ మిగలని ఇద్దరి మధ్య, బల్ల మీద ఒక పని ఉండటం ఎంత మేలో నాకప్పుడు తెలిసింది.

ఆ పనికి పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. చుట్టలుగా దొరికే ముడతల కాగితం, డ్రాయింగు షీట్లు, సన్న తీగ, మైదా ఉడకబెట్టి చిటికెడు పటిక కలిపిన జిగురు. రేకుల కొలతలకు సబ్బు పెట్టెల అట్టముక్కలు. కార్డు మడత తిన్నగా రావడానికి సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో ఒక గీత. పువ్వు నడుమ పెట్టే పసుపు దారాలు కింది అంతస్తులో ఉండే దర్జీ ఇచ్చేది. కుట్టగా మిగిలిన ముక్కల్ని ఆమె పారేయకుండా దాచి, సాయంత్రం అత్తయ్యగారు వెళ్లినప్పుడు ఒక గంట కబుర్లతో కలిపి చేతిలో పెట్టేది. ఆ గంట ఇద్దరిలో ఎవరికి ఎక్కువ అవసరమో నాకిప్పటికీ తెలియదు.

ఆవిడ నాకు నేర్పిన మొదటి పాఠం ముడతల గురించి. ఆ కాగితానికి ముడతలు ఒకే దిక్కున ఉంటాయి. రేకు అడుగు నుంచి కొస దాకా అవి నిలువుగా నడిచేలా కత్తిరిస్తే, మధ్యలో రెండు బొటనవేళ్లు ఆనించి పక్కలకు లాగగానే రేకు దోసిలిలా వంగుతుంది. అడ్డంగా కత్తిరిస్తే వంగదు. గట్టిగా లాగితే చిరుగుతుంది. "నిలువు కోస్తే పువ్వు, అడ్డం కోస్తే చెత్త," అనేవారు ఆవిడ. మొదటి నెల్లో నేను చాలా చెత్త కోశాను. ఆవిడ విసుక్కోకుండా వాటిని ఏరి, పుస్తకాల్లో గుర్తుగా పెట్టుకోమని నాకే ఇచ్చారు.

ఆ బుధవారం ఉదయమే, నేను బూట్లు వేసుకుంటుండగా, బావమరిది ఫోన్ చేశాడు. శనివారం వస్తున్నానన్నాడు. మొదటి గిన్నె సంగతి అతనికి చెప్పింది నేనే. ఏదో మాటల మీద, నవ్వులాటగా చెప్పాను. అతను నవ్వలేదు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. చిన్న చప్పుడు తేడా వచ్చినా తీగ తెగేదాకా ఆగకూడదన్నది అతని వృత్తిధర్మం. వాళ్లది కింది అంతస్తు ఇల్లు, భార్య పగలంతా ఇంట్లోనే ఉంటుంది. అమ్మను తీసుకెళ్లి తన దగ్గర పెట్టుకుంటానన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. అందుకే నాకు భయం ఎక్కువైంది.

నేను నీటి పరీక్షల ప్రయోగశాలలో పనిచేస్తాను. ఆ రోజు ఒకే సీసాకు రెండుసార్లు చీటీ అంటించాను. అతను వచ్చేసరికి ఆవిడ నిలకడగా, పనిలో ఉండి కనిపించాలి అనుకున్నాను. అందుకు చేతిలో ఒక ఆధారం కూడా ఉంది. పోస్టాఫీసు పక్కనున్న స్టేషనరీ షాపావిడ మొదటిసారిగా నలభై కార్డులు అడిగింది, ఒక్కోదాని మీద ఎర్రపువ్వు, సోమవారానికి. అన్నాళ్లూ మేము చేసినవి గాజు కూజాల్లో పెట్టుకునే పూలు, చేతికిచ్చే పెద్ద కార్డులు. నలభై కార్డులు వరసగా బల్ల మీద ఉంటే, మాడిన గిన్నె గురించి ఎవరడుగుతారు?

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అత్తయ్యగారు దర్జీ దగ్గరికి వెళ్లారు. బల్ల మీద రేకుల డబ్బా ఉంది. చూద్దామని మూత తీశాను. పువ్వుకు ఆరు చొప్పున రెండు వందల నలభై రేకులు, అంచుల్లో ఎక్కడా కత్తెర తడబడిన గుర్తు లేదు. ఒకటి తీసి బొటనవేళ్లు ఆనించి లాగాను. వంగలేదు. ఇంకొంచెం లాగాను, చిరిగింది. వెలుతురు దగ్గరికి పట్టుకుంటే ముడతలు అడ్డంగా ఉన్నాయి. ఇంకొకటి తీశాను, అదీ అంతే. డబ్బాను బల్ల మీద బోర్లించి చూశాను. అన్నీ అడ్డమే.

పాలు ఎవరైనా మరిచిపోతారు. నేను కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికిన రోజులున్నాయి. కానీ నాకు మొదటిరోజు నేర్పిన సంగతి, నలభై ఏళ్లు చేతుల్లో ఉన్న సంగతి, ఆవిడ రెండు వందల నలభైసార్లు మరిచిపోయారు.

అడిగి ఉండాల్సింది. ఆవిడ మెట్లెక్కి వచ్చాక, అత్తయ్యగారూ, ఇవి అడ్డంగా ఉన్నాయేమిటి అంటే సరిపోయేది. అడిగితే ఆవిడ ముఖం ఎలా మారుతుందో ఊహించుకుని భయపడ్డాను. గడియారం చూశాను. ఇంకా నలభై నిమిషాలుంది. మిగిలిన కాగితం ఎనిమిది మడతలు వేసి, అట్ట నమూనా పెట్టి, నిలువుగా కోయడం మొదలుపెట్టాను. నా కోత ఆవిడ కోతంత సొగసుగా లేదు కానీ, డబ్బాలో వేస్తే తెలియదు. ఆవిడ కోసినవి పారేయడానికి చెయ్యి రాలేదు. ఆఫీసు కవరులో పెట్టి నా సంచీలో దాచాను. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించేసరికి మూత పెట్టేశాను.

భోజనాల దగ్గర, ఏదో గుర్తురానివాడిలా, ఇవాళ ఏ వారమని అడిగాను.

"బుధవారం. మీ ఆఫీసులో కేలండరు లేదా?" అన్నారు ఆవిడ.

నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ ఊరట ఎంతోసేపు లేదు. వారం గుర్తుండి, ముడతలు గుర్తులేకపోవడం ఇంకా పెద్ద జబ్బేమో అనిపించింది. ఆవిడ పడుకున్నాక వంటగదిలోకి వెళ్లి పొయ్యి మీట ముట్టుకుని చూశాను. నీళ్లు తాగి, మళ్లీ వెళ్లి ముట్టుకున్నాను.

గురువారం సాయంత్రం ఆవిడ జిగురు కలుపుకుని బల్ల దగ్గర కూర్చున్నారు. నేను పేపరు చదువుతున్నట్టు ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ రేకు తీసి కార్డు మీద పరవబోయి ఆగారు. వేలితో నిమిరారు. రెండు బొటనవేళ్లతో చిన్నగా లాగారు. రేకు చక్కగా వంగింది. దాన్ని పక్కన పెట్టి ఇంకొకటి తీసి లాగారు. అదీ వంగింది. హమ్మయ్య, ఇక మొదలుపెడతారు అనుకున్నాను. ఆవిడ మాత్రం వంగిన రేకుల్ని తిప్పి తిప్పి చూశారు.

"బాబూ, ఈ రేకులు నేనే కోశానా?"

చెప్పడానికి దేవుడిచ్చిన అదను అది. పేపరు దించకుండానే, "మీరే కదా అత్తయ్యగారూ," అన్నాను.

ఆవిడ సరేనన్నట్టు తలాడించారు. జిగురు గిన్నె మీద తడిగుడ్డ కప్పి, రేపు చూద్దామని లేచారు. కార్డుకు ఒక్క పువ్వు కూడా అంటలేదు.

శుక్రవారం నేను పెందలాడే ఇంటికి వచ్చాను. ఆవిడ కిందికి వెళ్లారు. డబ్బా మూత తీశాను. నేను కోసిన రేకులన్నీ పక్కన ఒక కాగితంలో పొట్లం కట్టి ఉన్నాయి. డబ్బాలో కొత్తగా కోసిన రెండు వందల నలభై రేకులు. అన్నీ మళ్లీ అడ్డంగా.

ఆ పొట్లాన్ని చూసైనా ఆలోచించాల్సింది. పొరపాటు చేసే మనిషి సరిగ్గా ఉన్నవాటిని ఏరి, పొట్లం కట్టి పక్కన పెడుతుందా? భయపడ్డవాడికి ప్రతి తాడూ పామే. పొట్లం విప్పి నా రేకుల్ని మళ్లీ డబ్బాలో పోశాను. ఆవిడవి మళ్లీ కవరులోకి, కవరు సంచీలోకి. అప్పుడు చూసుకుంటే కాగితం చుట్ట అడుగంటింది. శనివారానికి సరిపోదేమోనని వీధి చివరి షాపుకు పరుగెత్తి కొత్త చుట్ట తెచ్చాను. ఆర్డరిచ్చిన షాపావిడ దగ్గరికే వెళ్లి ఉంటే, రెండు మాటల్లో అంతా తేలిపోయేది. ఆమె ఏమైనా అడిగితే ఏం చెప్పాలో తెలియక, కావాలనే ఆ వీధి తప్పించుకుని వెళ్లాను.

ఆ సాయంత్రం అత్తయ్యగారు డబ్బా మూత తీసి చూశారు. పొట్లం ఉండాల్సిన చోటు చూశారు. బల్ల కింద చూశారు. నేను వంటగదిలో కూరగాయలు తరుగుతూ, చప్పుడు ఆగినప్పుడల్లా కత్తి ఆపుతున్నాను. ఆవిడ నన్నేమీ అడగలేదు. డబ్బా మూత పెట్టి, ఆకలి లేదని చెప్పి వెళ్లి పడుకున్నారు. నేనూ సరిగా తినలేకపోయాను. ఆవిడ ఎందుకు అడగలేదా అని కాదు, అడిగితే మళ్లీ అదే అబద్ధం చెప్తానేమోనని.

శనివారం పదకొండింటికి బావమరిది వచ్చాడు. తన తలగడ తానే తెచ్చుకున్నాడు. మా ఇంట్లో మూడో తలగడ ఎవరిదో అతనికి తెలుసు, అందుకే దాని మీద పడుకోడు. ఆ మర్యాద నేను ప్రతిసారీ గమనిస్తాను, ఎప్పుడూ ఏమీ అనను. కుశలప్రశ్నలయ్యాక అతను గొంతు సవరించుకున్నాడు. రైల్లో వస్తూ మాటలన్నీ పేర్చుకున్నట్టున్నాడు. ఈలోగా అత్తయ్యగారు లోపల్నుంచి సంచీ తెచ్చి గుమ్మం పక్కన పెట్టారు. బట్టలు, మందులు, కళ్లజోడు పెట్టె అన్నీ అందులో సర్దేశారు.

"నువ్వేమీ చెప్పక్కర్లేదురా. వస్తాను," అన్నారు.

బావమరిది చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనివాడిలా నిలబడ్డాడు. ఎంత మొండి తలుపో అని భుజం పెట్టి తోయబోతే గడియే లేనట్టయింది అతని పని.

"ఏమైందమ్మా?"

"నేను కోసేది ఒకటి, సాయంత్రానికి డబ్బాలో ఉండేది ఇంకొకటి. రెండుసార్లయింది. పొట్లం కట్టి పెట్టానని గుర్తు, చూస్తే పొట్లం లేదు." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం పైటకొంగు అంచును మడిచి విప్పుతున్నాయి. "నా చేతుల్నే నమ్మలేనిదాన్ని, పొయ్యి దగ్గరికి ఎలా వెళ్లను? ఆయన పాపం పగలంతా ఆఫీసులో ఉంటారు. ఇల్లు తగలబెట్టి అల్లుడి చేతిలో పెట్టలేను."

రెండు రాత్రులు ఆవిడ ఆ గదిలో ఒక్కర్తీ ఏం ఆలోచిస్తూ పడుకున్నారో అప్పుడర్థమైంది. ఆవిడను కాపాడుతున్నానని నేను పెద్ద మొనగాడిలా ఆ డబ్బా చుట్టూ తిరిగాను. రోజూ సాయంత్రం ఆవిడ బుర్రలోంచి ఒక్కో ఇటుక నేనే ఊడబీకుతూ వచ్చాను.

"అత్తయ్యగారూ," అన్నాను, "మార్చింది నేను."

ఇద్దరూ నా వైపు చూశారు. ఆఫీసు సంచీ తెచ్చి, కవరు తీసి, బల్ల మీద కుమ్మరించాను. బుధవారంవి, శుక్రవారంవి కలిసి ఎర్రగా పరుచుకున్నాయి. మూడు రోజులు టిఫిను డబ్బా కింద, గొడుగు కింద నలిగిన కవరులో ఉన్నా ఒక్కటీ ముడుచుకోలేదు. ఇస్త్రీ చేసినట్టు పలచగా, తిన్నగా ఉన్నాయి.

ఆవిడ దగ్గరికొచ్చి ఒక రేకు తీసుకున్నారు. తన కోత తనకు తెలియదా.

"రెండుసార్లూ మీరేనా?"

"రెండుసార్లూ నేనే."

"ఎందుకు?"

"అన్నీ అడ్డంగా ఉన్నాయి. మీరే నేర్పారు కదా, అడ్డం కోస్తే చెత్త అని. మరిచిపోయారేమో అనుకున్నాను. ఇవాళ ఇతను వస్తున్నాడని…"

ఆవిడ కుర్చీలో కూర్చున్నారు. తర్వాత చెప్పారు, నాకు కాదు, రేకుకు చెప్తున్నట్టు. షాపావిడ మంగళవారం ఫోన్ చేసి మరీ చెప్పిందట. ఆ కార్డులు కవర్లలో పెట్టి పోస్టు చేసేవి. లోపల పువ్వు లేచి ఉంటే దారిలో చితికిపోతుంది, ముద్ర కొట్టేవాడి దెబ్బకు పచ్చడవుతుంది. అందుకని వంగని రేకు కావాలి, కార్డు మీద ఒకదాని మీదొకటి అతికినట్టు పడుకునే రేకు. చెత్త అనుకున్న కోత అక్కరకొచ్చే పని ఇన్నేళ్లకు ఒకటి తగిలిందని ఆవిడ ముచ్చటపడ్డారట. నాకు చెప్పాలనుకున్నారట కూడా. బుధవారం ఉదయం పాలు మాడిపోయాక చెప్పబుద్ధి కాలేదు.

బావమరిది ఒక రేకు అటూ ఇటూ తిప్పి చూశాడు. "అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తాడని విన్నాను బావగారూ. దొంగతనం కూడా చేస్తాడని ఇవాళే తెలిసింది," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వించడానికి అనలేదు, గదిలో గాలి ఆడటానికి అన్నాడు. ఆ మేలు నేను మరిచిపోను.

"నన్ను అడగచ్చు కదా బాబూ," అన్నారు అత్తయ్యగారు.

"అడిగితే బాధపడతారని అనిపించింది."

"బాధైతే పడేదాన్ని. రెండు పూటల్లో తగ్గేది. ఇది బాధ కాదు. నిన్న రాత్రి నా పేరు నేను పైకి చెప్పుకుని చూసుకున్నాను, గుర్తుందా లేదా అని."

నేను తల దించుకున్నాను. క్షమించమని అన్నానో, అనాలనుకున్నానో ఇప్పుడు చెప్పలేను. బావమరిది లేచి గుమ్మం దగ్గరున్న సంచీని చేత్తో తీసి, లోపల పెట్టనా అన్నట్టు తల్లి వైపు చూశాడు. ఆవిడ వద్దని చెయ్యి ఊపారు.

"అక్కడే ఉండనీ. రేకులు మార్చింది ఆయన. పాలగిన్నెలు మాడ్చింది మాత్రం నేనే, రెండూ." కొడుకు ఏదో అనబోతే ఆపారు. "డాక్టరు దగ్గరికి వెళ్దాం. రేకుల కోసం కాదు, పాల కోసం. డాక్టరు ఏమంటాడో విని, అప్పుడు సంచీ ఎటు కదలాలో నేను చెప్తాను. నువ్వూ కాదు, మీ బావా కాదు. ముందు సోమవారానికి నలభై కార్డులున్నాయి. ఇద్దరూ చేతులు కడుక్కోండి."

మేము చిన్నపిల్లల్లా వెళ్లి చేతులు కడుక్కున్నాం.

ఆ మధ్యాహ్నమంతా ముగ్గురం బల్ల చుట్టూ కూర్చున్నాం. నేను డ్రాయింగు షీట్లు కొలిచి మడతలు వేశాను. బావమరిది లావాటి వేళ్లకు ఒక్క రేకు దొరక్క నాలుగేసి వస్తుంటే, ఆవిడ అతనికి దారాలు కత్తిరించే పని అప్పగించారు. పువ్వులు ఆవిడే అంటించారు. జిగురు వేలి కొసకు ఎంత తీసుకోవాలో, ఏ రేకు ఏ రేకు మీద ఎంత మేర పడాలో, ఆ చేతులకు ఎవరూ గుర్తుచేయక్కర్లేదు. ముప్ఫయ్యో కార్డు దగ్గర లేచి వంటగదిలోకి వెళ్లారు. నా చెవులు అటే ఉన్నాయి. పొయ్యి వెలిగిన చప్పుడు, గిన్నె పెట్టిన చప్పుడు. లేవబోయి, కుర్చీ పట్టుకుని కూర్చున్నాను. బావమరిది కూడా దారం కత్తిరించడం ఆపి అటే చూస్తున్నాడు. చాలాసేపటికి మీట కట్టేసిన చప్పుడైంది. ఆవిడ మూడు కప్పుల టీ తెచ్చి, పాలు పోసినవే, మా ముఖాలు చూశారు.

"లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను, సరేనా?" అన్నారు.

సరేనన్నాం. బుధవారానికి డాక్టరు సమయం ఇచ్చాడు. అందాకా ఉంటానని బావమరిది ఆఫీసుకు ఫోన్ చేసి సెలవు అడిగాడు. డాక్టరు ఏం చెప్తాడోనన్న బెంగ నాలోంచి పోలేదు. కానీ ఇప్పుడది నేనొక్కణ్ణే సంచీలో దాచుకుని మోసేది కాదు.

రాత్రి భోజనాలయ్యాక ముప్ఫై నాలుగు కార్డులు బల్ల మీద ఆరుతున్నాయి. మిగిలిన ఆరింటికి కావలసిన రేకులు ఒక పళ్లెంలో ఉన్నాయి. బావమరిది హాల్లో పక్క వేసుకుని తన తలగడ సర్దుకున్నాడు. నేను కార్డులకు గాలి తగలకుండా కిటికీ మూస్తుంటే అత్తయ్యగారు వచ్చి, పళ్లెంలోంచి రేకుల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ కాగితంలోకి తీసుకున్నారు. ముప్ఫై ఆరు. పొట్లం కట్టారు.

"ఇవి ఈ రాత్రికి నా దగ్గర ఉంటాయి బాబూ. తప్పుగా అనుకోకండి."

"అనుకోను అత్తయ్యగారూ."

ఆవిడ నా ముఖంలోకి ఒక క్షణం చూశారు. మునుపటంత చల్లగా లేదు ఆ చూపు, మరీ కరకుగానూ లేదు. పొట్లాన్ని గుండెకు ఆనించి పట్టుకుని తన గదిలోకి వెళ్లి, కొడుకు నిద్ర చెడకుండా, తలుపు మెల్లగా వేసుకున్నారు.